నిందకు జాబితాతో జవాబు

(సురవరం ప్రతాపరెడ్డి స్మారక ఉపన్యాసం, ఘట్‌కేసర్)

ఈ సాయంత్రం మాటంతా వెనక వరుసల్లో బ్యాగులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న తమ్ముళ్ల గురించి, చెల్లెళ్ల గురించే. అమ్మానాన్నలు కూడా కొందరు వచ్చారు. వాళ్లకు చెప్పాల్సిన ముక్క ఒకటుంది. అది చివర్లో వస్తుంది, కాస్త ఓపిక పట్టాలి.

ఎవరి పేరు మీద ఈ సభ జరుగుతోందో ఆయన్ని ముందు తలుచుకోవాలి. సురవరం ప్రతాపరెడ్డి 1896లో పాలమూరు సీమలో పుట్టారు. మద్రాసు వెళ్లి బీఏ చదివారు, బీఎల్ కూడా పూర్తిచేశారు. 1926 మే 10న గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు వెళ్లారు, మరుసటి ఏడాదే కన్నుమూశారు. ఆయన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. తెలుగులో ఆ అవార్డు అందుకున్న మొదటి పుస్తకం అదే. ఇవన్నీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నవే. ఈ ఉపన్యాసానికి కావాల్సింది ఆయన జీవితంలోని ఒక్క సంఘటన.

నిజాం ఏలుబడిలో ఉన్న తెలంగాణలో తెలుగు కవులే లేరని ఒకాయన ఈసడించారు. ప్రతాపరెడ్డికి ఆ మాట గుచ్చుకుంది. నాలుగు కాలమ్‌ల సంపాదకీయంతో చీల్చి చెండాడగల కలం ఆయనది. అయినా ఆయన ఊరూరి నుంచీ కవుల వివరాలు, వాళ్ల పద్యాలు సేకరించే పనిలో పడ్డారు. 1934లో 'గోలకొండ కవుల సంచిక' అచ్చయింది. అందులో లెక్కకు 354 మంది. పుస్తకం తెరిస్తే చాలు, పేర్లు అక్కడే ఉన్నాయి. "లేరు" అన్నవాడికి అంతకుమించి చెప్పేదేముంది?

ఈ రోజు పట్టా పుచ్చుకుని బయటికొచ్చిన ప్రతి పిల్లవాడి మీదా, పిల్ల మీదా అలాంటి నిందే ఒకటి పడుతోంది: "నీకు అనుభవం లేదు." ఆ నిందకు జవాబెలా చెప్పాలన్నదే ఇవాళ్టి మాట.

1

ముందు ఆ నింద అసలు ఏమంటోందో చూడాలి. ఫ్రెషర్ ఉద్యోగానికి రెండేళ్ల అనుభవం అడిగే ప్రకటనలు చూసి పిల్లలు నవ్వుకుంటారు, తర్వాత కుమిలిపోతారు. కేంద్ర గణాంక శాఖ చేసే శ్రామిక సర్వే 2022-23 నివేదికలో దేశంలో పట్టభద్రుల నిరుద్యోగం 13.4 శాతం. అంటే పని చేస్తున్నవాళ్లు, పని కోసం వెతుకుతున్నవాళ్లు కలిపి ఏడెనిమిది మంది పట్టభద్రులుంటే అందులో ఒకరి చేతిలో పని లేదు. ఇప్పుడే చదువు ముగించిన వయసువాళ్లకు ఆ బాధ ఇంకా ఎక్కువ.

ఈ వరంగల్ రోడ్డునే చూడండి. యంనంపేటలో శ్రీనిధి, వెంకటాపూర్‌లో అనురాగ్, ఔషాపూర్‌లో విజ్ఞాన భారతి, అంకుశాపూర్‌లో ఏస్. ఇదే రోడ్డు మీద పోచారంలో ఇన్ఫోసిస్ వందల ఎకరాల క్యాంపస్ ఉంది, దాని దగ్గర్లోనే రహేజా ఐటీ పార్కు, ఉప్పల్‌లో జెన్‌ప్యాక్ట్. కాలేజీ గేటుకూ కంపెనీ గేటుకూ మధ్య దూరం షేర్ ఆటోలో పది నిమిషాలు. కొందరికి ఆ పది నిమిషాల దూరం దాటడానికి రెండేళ్లు పడుతోంది. 2018లో పని మొదలై ఏళ్ల తరబడి సాగిన ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవర్‌ను తలుచుకుని మీరు నవ్వుతున్నారని ఈ వక్తకు కనిపిస్తూనే ఉంది.

"అనుభవం లేదు" అనే కంపెనీ మనసులో మూడు భయాలుంటాయి. ఈ పిల్లవాడు రోజూ టైముకు వస్తాడా? మొదలుపెట్టిన పని ముగిస్తాడా? రానిది రాదని ఒప్పుకుని అడిగి నేర్చుకుంటాడా? కొత్తవాణ్ణి చేర్చుకుంటే కొన్ని నెలలపాటు జీతం ఎదురిచ్చి నేర్పాలి. నేర్చుకున్నాక వెళ్లిపోతే ఆ ఖర్చంతా గంగలో కలిసినట్టే. కంపెనీ అనుభవం అడగడం ఆ భయానికి బీమా అడగడమే. ఈ సంగతి పట్టుబడితే మిగతా దారి కనిపిస్తుంది. ఎందుకంటే ఆ మూడు ప్రశ్నలకూ జవాబు చెప్పడానికి రెండేళ్ల ఉద్యోగమే చేసి ఉండక్కర్లేదు. రుజువు ఉంటే చాలు.

2

మరి మన రెజ్యూమేలో ఏముంటోంది? "హార్డ్ వర్కింగ్, క్విక్ లెర్నర్, టీమ్ ప్లేయర్." పక్క సీటువాడి దాంట్లోనూ అవే. అసలు పక్క సీటువాడి ఫైలు తెచ్చుకుని పేరు మార్చిందే కదా! కింద హాబీలు: పాటలు వినడం, క్రికెట్ ఆడటం. ఇంకా కిందికొస్తే, పైన రాసిందంతా నిజమని ప్రమాణం. ప్రతాపరెడ్డి "మా కవులు గొప్పవాళ్లు, ప్రతిభావంతులు, రసజ్ఞులు" అని ఒక పేజీ విశేషణాలు అచ్చువేసి ఊరుకుని ఉంటే ఈ రోజు ఆ పుస్తకాన్ని ఎవరూ తలుచుకునేవాళ్లు కాదు.

రెజ్యూమేలో ప్రతి వాక్యాన్నీ ఒక ప్రశ్న అడగాలి: దీనికి సాక్ష్యం ఏది? సాక్ష్యం లేని వాక్యాన్ని కొట్టేయాలి. ఎర్ర పెన్నుతో ఈ పని చేస్తే చాలామంది రెండు పేజీల రెజ్యూమే ఆరు లైన్లకు దిగుతుంది. కడుపులో కాస్త దేవినట్టుంటుంది. ఫరవాలేదు, ఆ ఆరు లైన్లే అసలు సరుకు.

ఇక ప్రాజెక్టు సంగతి. అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ప్రాజెక్టు సెంటర్‌లో కొన్నది ఎవరిదో, సొంతంగా చేసింది ఎవరిదో ఇంటర్వ్యూ చేసేవాళ్లకు మూడో ప్రశ్నకల్లా తెలిసిపోతుంది. ముఖాన్ని గుర్తుపట్టి హాజరు వేసే సిస్టమ్ వాళ్లు ఆ వారంలో పదిసార్లు చూసి ఉంటారు. "ఇది ఎక్కడ తప్పు చేసింది?" అని అడిగితే కొన్నవాడు నోరు తెరవలేడు. చేసినవాడు ఆపకుండా పావుగంట చెబుతాడు: వెలుతురు తక్కువైతే పట్టుకోలేదు, గడ్డం పెంచుకుని వచ్చిన సీనియర్‌ని గుర్తుపట్టలేదు, అప్పుడు ఇలా మార్చాం అని. ఆ తప్పుల కథే సాక్ష్యం.

సాక్ష్యం అంటే కోడ్ ఒక్కటే కాదు. బీకాం చదివిన అమ్మాయి ఉందనుకుందాం, బోడుప్పల్‌లో నాన్నకు కిరాణా కొట్టు. రాత్రిళ్లు కూర్చుని కొట్టు ఖాతా పుస్తకాన్ని ఎక్సెల్‌లోకి ఎక్కించింది. ఏ సరుకు ఎన్ని రోజులకు అమ్ముడవుతోందో లెక్క తీసింది. ఉద్దెర ఎంత పేరుకుపోయిందో నాన్నకు మొదటిసారి చూపించింది. ఆమె రెజ్యూమేలో ఇది ఉండదు! ఉండేది "ఎంఎస్ ఆఫీస్ పరిజ్ఞానం" అన్న రెండు మాటలు. నాన్న కొట్టు సంగతి రాసుకోవడానికి సిగ్గు. అకౌంట్స్ విభాగంలో మనిషిని వెతుకుతున్నవాడు ఆ షీటు చూస్తే కుర్చీ ముందుకు జరుపుకుంటాడు.

సాఫ్ట్‌వేర్ పిల్లలకు గిట్‌హబ్ ఉంది. ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్లు బోర్డు ఫొటోలు, కొలతలు రాసుకున్న నోట్‌బుక్ పెట్టుకోవచ్చు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ వాళ్లకు ల్యాబ్ రికార్డే ఆస్తి. అది సొంత చేతిరాతలో, ఫెయిలైన రియాక్షన్‌తో సహా ఉండాలి. ఎదుటివాడు తెరిచి చూడగలగాలి, అంతే షరతు.

3

"చూపించడానికి ఏమీ లేదు సార్" అంటారు కొందరు. అయితే సంపాదించాలి. దానికి చట్టమే ఒక తలుపు తెరిచిపెట్టింది. ఆ తలుపు ఉన్నట్టు మన కాలేజీల్లో ఎవరూ గట్టిగా చెప్పరు, కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుదాం.

1961లో అప్రెంటిస్‌షిప్ చట్టం వచ్చింది. మొదట ట్రేడ్ అప్రెంటిస్‌లకే. 1973 సవరణతో ఇంజనీరింగ్ పట్టభద్రులు, డిప్లొమా వాళ్లు వచ్చారు, తర్వాత్తర్వాత మామూలు డిగ్రీలకూ దారి తెరుచుకుంది. 2019 నిబంధనలు ఏమంటాయంటే, 30 మంది, అంతకుమించి సిబ్బంది ఉన్న ప్రతి సంస్థ తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకుని తీరాలి. కాంట్రాక్టు కార్మికులు కూడా ఆ లెక్కలోకి వస్తారు. అవే నిబంధనలు 2019లో పట్టభద్రుడికి నెలకు కనీసం 9,000 రూపాయల స్టైపెండ్ నిర్ణయించాయి, ఇప్పటి మొత్తం ఎంతో చూసుకోవాలి. నాట్స్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం) కింద చేరితే ఆ కనీస మొత్తంలో సగం కేంద్రం భరిస్తుంది. ఏడాది ముగిశాక ప్రభుత్వం గుర్తించిన సర్టిఫికెట్ వస్తుంది.

ఇప్పుడు ఈ లెక్క పట్టుకుని మన చుట్టుపక్కల చూడండి. నాచారం, మల్లాపూర్, ఉప్పల్, మౌలాలి, చర్లపల్లి పారిశ్రామికవాడల్లో 30 మంది దాటిన యూనిట్లు ఎన్ని ఉంటాయి? మందులు, ప్లాస్టిక్, ఇంజనీరింగ్, ఎలక్ట్రానిక్స్, ప్యాకింగ్. నాచారంలోనే అరాజెన్ ఉంది, పాతవాళ్లకు జీవీకే బయో అంటే తెలుస్తుంది. పెద్ద మందుల కంపెనీలు అప్పగించే పరిశోధన అక్కడ జరుగుతుంది. హబ్సిగూడ, తార్నాక వైపు ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ పరిశోధన సంస్థలు. ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ మరీ దగ్గర. 1967లో పుట్టిన ఆ సంస్థ దేశంలో తొలినాళ్ల కంప్యూటర్లు కట్టింది, ఓట్ల యంత్రాలు చేస్తుంది. ఇంజనీరింగ్, డిప్లొమా అప్రెంటిస్‌లను నాట్స్ ద్వారా పిలుస్తూ ఉంటుంది. ఎంపికకు రాతపరీక్ష ఉండదు, మార్కులే చూస్తారు. పట్టా వచ్చి ఎక్కువ ఏళ్లు కానివాళ్లకే అవకాశం కాబట్టి "వచ్చే ఏడు చూద్దాంలే" అంటే గడువు దాటుతుంది.

పెద్ద సంస్థలు ప్రకటన వేస్తాయి. చిన్న యూనిట్లు వేయవు. అక్కడికి మనిషి నడిచి వెళ్లాలి. సెక్యూరిటీ దగ్గర రిజిస్టర్‌లో పేరు రాసి, హెచ్‌ఆర్ అనే శాఖ లేకపోతే అకౌంటెంట్‌నో ప్లాంట్ మేనేజర్‌నో కలవాలి. "సార్, ఉద్యోగం ఇవ్వండి" అని అడిగితే లేదంటారు. "సార్, నాట్స్‌లో నా పేరు నమోదైంది. మీరు అప్రెంటిస్‌గా తీసుకుంటే కనీస స్టైపెండ్‌లో సగం కేంద్రం ఇస్తుంది, నిబంధన కాగితం తెచ్చాను" అంటే కనీసం కూర్చోమంటారు. పది గేట్లకు వెళ్తే ఏడు గేట్ల దగ్గర నిరాశే. మిగిలిన మూడు చాలు.

స్టైపెండ్ ఇంతేనా అని ముందు వరుసలో ఒకరు ముఖం చిట్లించారు. నిజమే, హాస్టల్ ఫీజుకే సరిపోతుంది. ఏడాది తర్వాత ఉద్యోగం ఇవ్వాలని చట్టమూ కంపెనీని నిర్బంధించదు. కానీ ఇంట్లో ఉండి నాచారానికి బస్సెక్కే పిల్లకు ఆ స్టైపెండ్‌కు తోడు ఇంకొకటి దక్కుతుంది. పన్నెండు నెలల హాజరు పట్టీ. మొదటి భాగంలో చెప్పుకున్న మూడు భయాలకు అంతకంటే గట్టి బీమా ఏముంటుంది?

4

సాక్ష్యం తయారైంది. ఎవరికి చూపించాలి?

నౌకరీ, లింక్డ్‌ఇన్‌లో అప్లై బటన్ నొక్కడం తేలిక. అందుకే అందరూ నొక్కుతారు, అందుకే అక్కడ గుంపు. వద్దని కాదు, అదొక్కటే చాలదని. మన తెలుగులో ముఖపరిచయం అని ఒక మంచి మాట ఉంది. స్నేహం కాదు, చుట్టరికం కాదు. కనబడితే తల ఊపేంత పరిచయం. ఉద్యోగాల విషయంలో దాని బలం ఎంతో అమెరికాలో ఒకాయన లెక్కకట్టారు.

మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త, 1973లో అచ్చయిన అధ్యయనం కోసం, బోస్టన్ పక్కనున్న న్యూటన్ పట్టణంలో, కొత్తగా ఉద్యోగం మారినవాళ్లను కలిసి ఆ ఉద్యోగం సంగతి ఎలా తెలిసిందని అడిగారు. తెలిసినవాళ్ల ద్వారా దొరికిందన్నవాళ్లలో, తరచూ కలిసే మనిషి ద్వారా దొరికింది 16.7 శాతానికే. అప్పుడప్పుడు కలిసేవాళ్ల ద్వారా 55.6 శాతం, ఎప్పుడో గానీ కలవనివాళ్ల ద్వారా 27.8 శాతం. కారణం ఆలోచిస్తే సులువే. ప్రాణస్నేహితులు నలుగురూ ఒకే క్లాసు, ఒకే హాస్టల్, ఒకే వాట్సాప్ గ్రూపు. ఒకడికి తెలిసిందే నలుగురికీ తెలుసు. కొత్త కబురు బయటి మనిషి నుంచే రావాలి. 2022లో 'సైన్స్' పత్రికలో లింక్డ్‌ఇన్ మీద జరిగిన పెద్ద ప్రయోగం ఫలితాలు వచ్చాయి. ఐదేళ్లు, రెండు కోట్ల మంది. అక్కడా ముఖపరిచయమే గెలిచింది. అయితే పరిచయం మరీ పలచనైతే ఆ బలమూ తగ్గిందని తేలింది. ముక్కూ ముఖం తెలియని ఐదు వేల మందిని చేర్చుకుని మురిసిపోయేవాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

మన ముఖపరిచయాలు ఎక్కడుంటాయి? రెండేళ్ల ముందు పాసై పోచారంలో చేరిన వేరే బ్రాంచి సీనియర్. ఉప్పల్ స్టేషన్ దగ్గర రోజూ కనిపించే మెడలో ఐడీ కార్డు మనిషి. అపార్టుమెంటు మూడో అంతస్తు అంకుల్, నాచారం ల్యాబ్‌లో క్వాలిటీ చూస్తాడని అమ్మ ఎప్పుడో చెప్పింది. 2024 మార్చిలో మొదలైన ఘట్‌కేసర్–లింగంపల్లి ఎంఎంటీఎస్‌లో ఎదురు సీటు. ఈ రైళ్లు తక్కువ కాబట్టి ఎక్కేవాళ్లు తరచూ వాళ్లే కనిపిస్తారు, పరిచయానికి అదీ ఒక సదుపాయమే!

వాళ్లను ఉద్యోగం అడగకూడదు. "అన్నా, ఏమన్నా ఓపెనింగ్స్ ఉంటే చెప్పు" అన్న మెసేజ్‌కు జవాబు రాకపోవడం వాళ్ల తప్పు కాదు, అందులో జవాబు చెప్పడానికి ఏమీ లేదు. "అన్నా, మీ టెస్టింగ్ టీమ్‌లో కొత్తవాళ్లకు మొదటి నెల ఏం పని ఇస్తారు? నేను ఇది చేశాను, సరిపోతుందా?" అని లింక్ పెడితే చదువుతాడు. సలహా చెబుతాడు. సలహా చెప్పిన మనిషికి, రేపు ఖాళీ వచ్చినప్పుడు, ఆ పేరే గుర్తొస్తుంది.

5

ఇక దొంగ సాక్ష్యం. ఈ మాట ఎత్తగానే హాలు కొంచెం నిశ్శబ్దమైంది.

"మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తాం, పే స్లిప్పులు మావే, ఇంటర్వ్యూ మావాడే ఇస్తాడు" అనే బేరం ఈ నగరంలో కొత్తది కాదు. అందులో పడ్డవాళ్లను పాపాత్ములుగా చూడటం ఈ వక్త ఉద్దేశం కాదు. అప్పుచేసి చదివించిన నాన్న ముఖం చూడలేక పడ్డవాళ్లే ఎక్కువ. కానీ పద్ధతి తెలుసుకోండి. 2014 నుంచి పీఎఫ్ సభ్యులకు పన్నెండంకెల యూఏఎన్ ఉంది. ఏ సంస్థలో ఏ నెల నుంచి ఏ నెల దాకా జమ పడిందో అందులో కనిపిస్తుంది. కొత్త కంపెనీ తరఫున నేపథ్య విచారణ చేసేవాళ్లు మొదట అడిగేవాటిలో అదొకటి. చేరిన ఎనిమిదో నెలలో బయటపడితే ఉద్యోగం పోవడంతో ఆగదు. ఆ తర్వాత నిజంగా చేసిన ఎనిమిది నెలలు కూడా ఎక్కడా చెప్పుకోలేని నెలలైపోతాయి.

డబ్బు కట్టమన్న చోట ఆగిపోండి. రిజిస్ట్రేషన్ ఫీజు, ల్యాప్‌టాప్ డిపాజిట్, ట్రైనింగ్ బాండ్, పేరేదైనా సరే. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించండి, వదిలిరావద్దు.

దేశం దాటే ఆఫర్ అయితే ఇంకా జాగ్రత్త. థాయిలాండ్‌లో డేటా ఎంట్రీ అని పిల్లల్ని తీసుకెళ్లి మయన్మార్ సరిహద్దులోని సైబర్ మోసాల శిబిరాల్లో కూర్చోబెట్టారు. 2025 మార్చిలో థాయిలాండ్‌లోని మే సొట్ నుంచి వాయుసేన విమానాల్లో వెనక్కి తెచ్చిన 549 మంది భారతీయుల్లో మన తెలంగాణ, ఆంధ్ర పిల్లలూ ఉన్నారు. విదేశీ ఏజెంటుకు విదేశాంగ శాఖ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడొచ్చు. అతను తీసుకోగల ఫీజు 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ, అంతే. రాష్ట్ర ప్రభుత్వానికి టామ్‌కామ్ అనే సొంత సంస్థ కూడా ఉంది. డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే సైబర్ నేరాల సహాయవాణి 1930కి ఫోన్ చేయాలి. పరువు పోతుందని రెండు రోజులు ఆగితే డబ్బు పది ఖాతాలు దాటుతుంది.

6

అమ్మానాన్నలకు చెబుతానన్న ముక్క ఇది.

గ్రూప్స్ రాస్తున్న పిల్లలు మీ ఇళ్లలో ఉన్నారు. చిక్కడపల్లి లైబ్రరీ మెట్ల మీద వాళ్లను చూస్తే గౌరవం కలుగుతుంది. కానీ తారీఖులు చూడండి. తెలంగాణ తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో వచ్చింది, 503 పోస్టులు. అక్టోబరులో ప్రిలిమ్స్. ప్రశ్నపత్రాల లీకేజీతో 2023 మార్చిలో రద్దు. జూన్‌లో మళ్లీ ప్రిలిమ్స్, సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ కొట్టేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, మెయిన్స్ జరిగేసరికి అక్టోబరు. ఇరవై రెండేళ్లకు పుస్తకం పట్టినవాడు మెయిన్స్ హాల్లో కూర్చునేసరికి ఇరవై నాలుగు దాటాయి, అతని తప్పు ఇసుమంత లేకుండానే. క్యాంపస్ ఆఫర్ చేతిలో ఉండి కూడా చేరే తేదీ కోసం ఏడాది, రెండేళ్లు ఎదురుచూసిన ఇంజనీర్లూ ఈ సభలో ఉండొచ్చు.

ఎదురుచూపు మన చేతిలో లేదు. ఎదురుచూసే రోజుల్లో పగలు ఏం చేయాలన్నది ఉంది. పొద్దున ఒక పూట పుస్తకం, మిగతా రోజు నాచారంలోనో చర్లపల్లిలోనో అప్రెంటిస్ పని. "చిన్న పనికి వెళ్తున్నాడు" అని చుట్టాల ముందు మీరు తలదించుకుంటే వాడు వెళ్లడం మానేస్తాడు. ప్రతాపరెడ్డి బీఏ, బీఎల్ చదివినవారు. ఆయన అప్పటి హైదరాబాద్ కొత్వాల్ రాజాబహద్దూర్ వెంకటరామారెడ్డి పిలిస్తే వచ్చి అక్కడి రెడ్డి హాస్టల్ పిల్లల బాగోగులు చూశారు, అక్కడి లైబ్రరీ పెంచారు. ఆ రోజుల్లో ఎవరో ఒకరు "ఇంత చదివి హాస్టలా?" అని అడిగే ఉంటారు.

ఇక టీ వేళైంది. రెజ్యూమే కాపీ తెచ్చుకున్నవాళ్లు వరండాలో కిటికీ పక్క బల్ల దగ్గరికి రండి, ఈ వక్త జేబులో ఎర్ర పెన్నులు రెండున్నాయి. తేనివాళ్లు ఒక తెల్లకాగితం తీసుకుని, గడిచిన నాలుగేళ్లలో మొదలుపెట్టి ముగించిన పనులేవో వరుసగా రాసుకు రండి. నాన్న కొట్టు లెక్కలు రాసిన అమ్మాయి ఎవరైనా ఉంటే ముందు వరుసలో నిలబడాలి. ఉప్పల్ బస్సు అందుకోవాల్సినవాళ్లను మొదట పంపించేద్దాం.